చెంగమ్మ అడిగిన ప్రమాణం

మేదరి చెంగమ్మ వెదురు దొరికే ఏటి ఒడ్డుకు మకాం మార్చాలని ఇల్లు అమ్మకానికి పెట్టింది. గోడలకు సున్నం కొట్టి, అరుగులు అలికి, ముగ్గులు తీర్చింది. కానీ ఎవరు చూడవచ్చినా గ్రామాధికారి నాగప్ప వెంటే వచ్చి, "ఈ ఇల్లు అచ్చిరాదు" అని బెదరగొట్టేవాడు. చివరికి దాన్ని తనే కారుచౌకగా కొట్టేయాలని అతని ఎత్తు.

ఒకనాడు నూనె వర్తకుడి ముందు కూడా అదే మాట అన్నాడు.

చెంగమ్మ చేతులు జోడించింది. "నిజమే అయ్యగారూ. అచ్చిరాని ఇల్లు మీకూ వద్దు కదా. ఊరికే ఇచ్చినా పుచ్చుకోనని వీరి ముందు ప్రమాణం చెయ్యండి."

నాగప్ప ప్రమాణం చెయ్యలేకపోయాడు.

వర్తకుడు నవ్వాడు. "గ్రామాధికారే వదులుకోలేని ఇల్లు నేనెందుకు వదులుతాను?" అని, చెంగమ్మ అడిగిన ధరకే కొన్నాడు.

మర్నాడు చెంగమ్మ బుట్టలన్నీ బండికెత్తించి, నాగప్ప గుమ్మం ముందునుంచే తలెత్తుకుని ఏటి ఒడ్డుకు సాగిపోయింది.