వంగిన కెమెరా

వాగులకోట జమీందారుకి బుర్ర తక్కువ, డాబు ఎక్కువ. ఆయనెదుట ఎవరూ తలెత్తకూడదు, నడుం వంచి పాదాలే చూడాలి. అలాంటివాడికి నిండు సభలో ఫొటో దిగాలని బుద్ధి పుట్టి, రీలు కెమెరాతో పొట్టపోసుకునే సూరమ్మకి కబురంపాడు.

సూరమ్మ రెండు లెన్సులు ముందుపెట్టింది. "ఇది మామూలుది దొరా, మనిషి మనిషిలా వస్తాడు. ఇది వైడు లెన్సు. సభంతా పడుతుంది గానీ, దగ్గరున్నది కొండంత, వెనకున్నది గోరంత అవుతుంది."

"సభంతా పడాల్సిందే! నాకే పాఠాలా? నీ కెమెరా కూడా అందరిలాగే నా కాళ్ల దగ్గర వంగాలి," అన్నాడు జమీందారు, పీట మీదికి కాళ్లు చాపుతూ.

సరేనని సూరమ్మ వైడు లెన్సు బిగించి, నేలమీద బోర్లా పడుకుని నొక్కింది.

ఫొటో కడిగి తెచ్చింది. సభంతా పడింది. మధ్యలో తిరగలి రాళ్లంత రెండు అరికాళ్లు, వాటి వెనక వక్కంత తల.

"నేనిలా ఉంటానా? దీని కెమెరా పగలగొట్టండి!" అని అరిచాడు జమీందారు.

"అది నా కూడు దొరా, పగలగొట్టే ముందు ఒక్కమాట. వంగినవాళ్లకి మీరెలా కనబడతారో అలాగే తీసింది నా కెమెరా. కాదంటే, మీ ముఖం ఇంతకన్నా పెద్దదని, చూసినవాళ్లెవరైనా ఉంటే చెప్పమనండి."

చూశామంటే తలెత్తినట్టే కదా! దివాను ఇంకో జానెడు వంగి, "అచ్చం ప్రభువులే," అన్నాడు. "అచ్చం ప్రభువులే!" అని సభంతా నేలకేసి చెప్పింది.

ఇక చేసేదేముంది? ఆ అరికాళ్లకే పటం కట్టించి, గోడకి బాగా ఎత్తున తగిలించారు. దానికి దణ్ణం పెట్టడానికి మాత్రం అందరూ తలెత్తక తప్పలేదు.