రాళ్ళు పడని మామిడిచెట్లు

జగ్గభూపతి రాజుగారికి కార్తీకమాసంలో మామిడిపండు మీద మనసు పోయింది. రాజులకి అంతే, లేనప్పుడే కావాలి.

"కోటంతా రాయే. మొక్క నాటుదామంటే జానెడు మట్టి లేదు. ఊళ్ళో పెరడున్న ఇల్లొకటి కొంటా. నా చెట్టు కాయ నా చేత్తో కోసుకు తినాలి" అన్నాడు సభలో.

తోటల అధికారి విరూపాక్షయ్య వెంటనే లేచాడు. తోటల అధికారే గానీ, గోటికి మట్టంటితే మూడుసార్లు స్నానం చేసే రకం. చెట్టుని ముట్టుకోడు, దాని మీద పద్యం మాత్రం చదువుతాడు.

"ప్రభూ! తూర్పువీధిలో మా బావమరిది ఇల్లుంది. పదహారు మామిడిచెట్లు. ఒక్కొక్క పండూ అమృతభాండం! ధర కాస్త ఎక్కువే, తమకదొక లెక్కా?"

మంత్రి ఇంకో ఇల్లు చెప్పాడు. కుమ్మరి పానకాలు ఇల్లు. వంగిపోయిన గోడ, అయిదే చెట్లు, ధర అందులో సగం.

"ఏది బాగా కాస్తుందో ఇప్పుడెలా తెలుస్తుందయ్యా? కాపుకింకా ఆర్నెల్లుంది" అని రాజుగారు గడ్డం గోక్కున్నాడు. సభలో అందరూ గడ్డాలు గోక్కున్నారు.

వెనకాల జామపళ్ళు ముక్కలు కోస్తున్న నాంచారమ్మకి నోరాగలేదు. ఇరవయ్యేళ్ళుగా రాజుగారికి పళ్ళు కోసిపెట్టే మనిషి. ఏనుగుల సాల వెనక ఒక్క గది ఆమెది. గుమ్మం పక్కన కుండలో కరివేపాకు మొక్క పెడితే ఏనుగు తొక్కేసింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తొక్కింది.

"ఆ చెట్లనే అడిగితే పోలా దొరా!"

సభంతా గొల్లుమంది.

"చెట్లతో మాట్లాడతావటే?" అన్నాడు విరూపాక్షయ్య. "పళ్ళు కోసీ కోసీ బుర్ర కూడా కోసేసుకున్నట్టున్నావ్!"

రాజుగారికి వేడుకగా ఉంది. "సరే నాంచారీ, మూడురోజుల్లో అడిగి చెప్పు. నువ్వు చెప్పింది నిజమైతే నీకూ పెరడున్న ఇల్లిప్పిస్తా. తప్పయితే గది ఖాళీ చేసి కోట వదిలి పో."

నాంచారమ్మ చేతిలో కత్తి పక్కన పెట్టింది. ఉన్న ఒక్క గదీ పోతే ఏ చూరు కింద తల దాచుకోవాలి? కానీ మాట జారాక ఇంక తీసుకోడానికి లేదు.

బయటికొచ్చేసరికి విరూపాక్షయ్య కాచుక్కూచున్నాడు.

"ఏమే, నీ చెట్లు ఏ భాషలో చెబుతాయేం?"

"భాషెందుకు బాబూ? కాసే చెట్టుకే కదా రాళ్ళదెబ్బలు. పిల్లలు విసిరిన రాళ్ళు కిందెన్ని పడున్నాయో చూస్తా. ఎన్ని రాళ్ళుంటే అంత కాపు."

విరూపాక్షయ్య కళ్ళు మెరిశాయి. పల్లకీ లేందే వీధి దాటని మనిషి, పంచె ఎగ్గట్టి పరుగులాంటి నడక నడిచాడు తూర్పువీధికేసి. నాంచారమ్మ ఆ పోకడ చూసి, నోట్లో తమలపాకు తీరిగ్గా నమిలింది.

మూడోరోజు రాజుగారు సభని వెంటేసుకుని బయల్దేరాడు. ముందు బావమరిది ఇల్లు. పెళ్ళికూతురిలా సున్నం కొట్టించిన గోడలు. పదహారు చెట్ల కిందా రాళ్ళే రాళ్ళు. రాజుగారికి కాలు పెట్టే చోటు లేదు.

"చూశారా ప్రభూ! పాపం, ఈ చెట్లు ఎన్నెన్ని దెబ్బలు తిన్నాయో! నాంచారి చెప్పిన కొలతే ఇది."

నాంచారమ్మ ఒక రాయి తీసి చూసింది. నున్నగా ఉంది, తడి ఇసక అంటుకునుంది. తలెత్తి ఇంటి కప్పు చూసింది.

"పానకాలు ఇంటికి కూడా పోదాం దొరా."

అక్కడ అయిదు చెట్ల కిందా కలిపి ముప్ఫై రాళ్ళు లేవు. కప్పు మాత్రం చూడలేం. సగం పెంకులు పగిలి, కంతలకి తాటాకులు కప్పున్నాయి.

పానకాలు చేతుల మట్టితోనే వచ్చి దణ్ణం పెట్టాడు. "ఏం చెప్పమంటారు దొరా! పెంకులు చేసే కుమ్మరినై ఉండి నా ఇంటికి నేనే పెంకులు అందించలేకపోతన్నా. ఎండాకాలమొస్తే ఊళ్ళో పిల్లలంతా ఇక్కడే. కింద పడ్డ రాళ్ళు ఏరి మళ్ళీ అవే విసురుతారు. ఈ చెట్లు కాసినన్నాళ్ళూ నా కప్పు నిలవదు. అందుకే అమ్ముతన్నా."

"ముప్ఫై రాళ్ళకేనా ఇంత ఏడుపు?" అని విరూపాక్షయ్య పకపకా నవ్వాడు. "మావి రెండు బళ్ళు!"

"బళ్ళతో కొలిచారా బాబూ?" అంది నాంచారమ్మ. నవ్వు టక్కున ఆగింది. ఆమె రాజుగారి వైపు తిరిగింది.

"చెట్టుకి విసిరిన రాయి సగంసార్లు కప్పు మీదే పడుతుంది దొరా. వీరి బావమరిదింట్లో రెండు బళ్ళ రాళ్ళు పడ్డాయి, ఒక్క పెంకు బీటివ్వలేదు. అంటే తూర్పువీధి పిల్లలు రాళ్ళు విసరలేదు. వంగి దణ్ణం పెట్టి, చెట్టు కింద సమర్పించుకున్నారు!"

రాజుగారు పొట్ట పట్టుకున్నాడు. మంత్రి తలపాగా జారింది.

"ప్రభూ, అది... గాలికి..." అని నసిగాడు విరూపాక్షయ్య.

"గాలికి రాళ్ళు రాలాయా? అయితే ఆ రెండు బళ్ళూ నీ నెత్తిన మోసి ఏట్లో పోసిరా. ఎలాగూ ఏటి దగ్గరే పని, నీ స్నానాలకి లోటుండదు."

నవ్వులు సద్దుమణిగాక రాజుగారు ఆ పగిలిన పెంకులు ఇంకోసారి చూశాడు. మెల్లిగా తల తడుముకున్నాడు.

"నాంచారీ, నేను కొన్నాక కూడా రాళ్ళు పడతాయా?"

"పిల్లలకి పెంకొకటీ రాజుగారి తలొకటీనా దొరా?"

"అయితే ఈ ఇల్లు నేను కొని నీకే ఇస్తున్నా. రాళ్ళు నీకు, పళ్ళు నాకు!"

"సగం పళ్ళు దొరా. దెబ్బలు మొత్తం నేనే తింటున్నాగా!"

మళ్ళీ గొల్లుమన్నారు. ఆ నవ్వులు ఆగేలోపే నాంచారమ్మ పెరట్లోకి నడిచి, కరివేపాకు మొక్కకి చోటు చూసి, మడమతో గుర్తు పెట్టింది.

"పానకాలూ, ఇల్లమ్మి పారిపోదామనుకునేవు. నా కప్పుకి పెంకులు ఏటా నువ్వే చెయ్యాలి!"