దుబాసీ తెచ్చిన నిప్పు

పేరయ్య దుబాసీ. రేవులో రెండు విదేశీ కంపెనీల మధ్య మాటలు అటూ ఇటూ చేరవేయడం అతని పని. ఆ సాయంత్రం ముఖం వేలాడేసుకుని ఫకీరు బురహాన్ బాబా పాకకు వచ్చాడు.

“చర్చలు చెడిపోయాయి బాబా. పసుపు జెండావాళ్ల ఓడను నీలి జెండావాళ్లు పట్టుకున్నారు. రేపు మధ్యాహ్నంలోగా వదలకపోతే పసుపువాళ్లు ఫిరంగులు పేలుస్తారట. వాళ్ల రెండు కోటల నడుమ ఉన్నది మన ఊరే.”

“ఎందుకు చెడిపోయాయి?”

“నీలి దొర ఓడ ఇచ్చేద్దామనే వచ్చాడు. పసుపు దొర ‘ఓడ ఇవ్వరా దొంగకుక్కా’ అన్నాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కుర్చీ తన్ని లేచిపోయాడు. ఇందులో నా తప్పేముంది? ఇన్నేళ్లలో ఒక్క మాట మింగి ఎరగను!”

ఆ గర్వం అతనికి కాస్త ఎక్కువే. ఊరు తగలబడుతుందన్న భయంలో కూడా అది తగ్గలేదు.

బాబా పెంకు ఒకటి చేతికిచ్చాడు. “పొయ్యి ఆరిపోయింది. పక్కింటికి వెళ్లి కాస్త నిప్పు పట్టుకురా.”

అది బెస్తవాళ్ల వాడ. అన్నీ తాటాకు ఇళ్లే. పేరయ్య కణకణలాడే బొగ్గులు పెంకులో వేసుకుని బయల్దేరాడు. ఆ వాడలో ఆడవాళ్లంతా నిప్పు మీద బూడిద కప్పి తెచ్చుకుంటారు. అతనికి ఆ ధ్యాసే లేదు.

సముద్రపు గాలి విసిరింది. రవ్వలు లేచి ఒక చూరు మీద పడ్డాయి. ఆకు చిటపటలాడింది. ఎవరో కేక పెట్టారు. బాబా పరుగున వచ్చి తడిగోనెతో చూరును బాది మంట ఆర్పాడు. పేరయ్య దగ్గరికొచ్చి, పెంకులో గుప్పెడు బూడిద పోశాడు.

పొయ్యి దగ్గర ఆ బూడిద ఊదాడు. బొగ్గులు ఎర్రగానే ఉన్నాయి.

“ఒక్కటీ ఆరలేదు నాయనా” అన్నాడు.

మర్నాడు దొరలు మళ్లీ కూర్చున్నారు. బయట ఫిరంగుల దగ్గర సిపాయిలు కాగడాలు వెలిగించి నిలబడ్డారు. పసుపు దొర బల్ల గుద్ది, అవతలివాణ్ణి తల్లితో సహా తిట్టి, మధ్యాహ్నంలోగా ఓడ కావాలన్నాడు.

పేరయ్య నీలి దొర వైపు తిరిగాడు. “మధ్యాహ్నంలోగా ఓడ ఇవ్వాలంటున్నారు దొరా. లేకపోతే కాలుస్తామంటున్నారు.”

నీలి దొర కళ్లు చిట్లించాడు. “అంతసేపు అరిచాడే, అంతేనా?”

“ఆయన అడుగుతున్నది అదే దొరా.”

నీలి దొర అతని ముఖంలోకి చూశాడు. “ఇస్తానని చెప్పు ఆ పందికి” అన్నాడు.

పేరయ్య పసుపు దొర వైపు తిరిగాడు.

“ఇస్తారట దొరా.”