వినేవాళ్ళ మాటలు

మొదలుపెట్టిన నాడు తేజేశ్వర్ దగ్గరున్న పెట్టుబడి ఇరవై వేల నాలుగు వందల ఎనభై మాటలు. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి వార్డులో కూర్చుని, అందరి అనుమతీ తీసుకుని, రోగులూ చుట్టాలూ మాట్లాడుకుంటుంటే మూడు గంటలకు పైగా రికార్డు చేసి అక్షరం అక్షరం రాసుకున్న మాటలవి. కేరళ నుంచి కొత్తగా వచ్చిన పన్నెండు మంది నర్సులకు నెల రోజుల్లో తెలుగు నేర్పాలని అతని సంకల్పం. ఈ పని అతనికి ఎవరూ అప్పగించలేదు. తనే వెళ్ళి, హెడ్ సిస్టర్ గదిముందు మూడు రోజులు నిలబడి తెచ్చుకున్నాడు.

రాసుకున్నదాన్ని ముందు శుభ్రం చేశాడు. "ఊఁ", "ఆఁ", "అలాగా", "అయ్యో" లాంటివి దగ్గుతో, తుమ్ముతో సమానమనుకున్నాడు. అవి రెండు వేల మూడు వందల పది తేలాయి. అన్నీ తీసేశాడు. మిగిలినవాటిలో ఎక్కువసార్లు వినిపించిన ఆరు వందల మాటలు ఏరాడు. రోజుకు ఇరవై, ముప్ఫై రోజులకు ఆరు వందలు. వాటితో రోగికీ నర్సుకూ మధ్య సంభాషణలు అల్లి, ఫోన్లో వినే పాఠాలు తయారుచేశాడు. రోగి మాట్లాడుతున్నప్పుడు నర్సు గొంతు అడ్డు రాకుండా ఎక్కడికక్కడ కత్తిరించాడు. నెల తిరిగేసరికి జిస్మి అనే అమ్మాయి ఆరు వందలకు ఐదు వందల ఎనభై మూడు మాటలు తడుముకోకుండా చెప్పింది. నూటికి తొంభై ఏడు. తేజేశ్వర్ ఆ రాత్రి భోజనం చేస్తూ కూడా ఆ అంకె తలుచుకుని నవ్వుకున్నాడు.

సరిగ్గా ఆ వారమే వార్డులో ఫిర్యాదు పుట్టింది, అదీ జిస్మి మీదే. ఆ పిల్ల రాయిలా నిలబడుతుందనీ, రోగి చెప్పేది ఆమెకు పట్టదనీ ఏడుగురు చెప్పారు. హెడ్ సిస్టర్ మొహమాటం లేని మనిషి. "పదిహేను రోజులు చూస్తాను. నీతో రోగులు మాట్లాడకపోతే ఈ వార్డులో నీకు పని లేదు," అంది. జిస్మికి అది మొదటి ఉద్యోగం. పోతే వచ్చిన రైలే ఎక్కి వెనక్కి వెళ్ళాలి.

తేజేశ్వర్ తన గురువు దగ్గరికి పరుగెత్తాడు. గొర్లె సుభద్ర గారు ముప్ఫై ఏళ్ళు విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఇద్దరు మనుషులు మాట్లాడుకునేటప్పుడు మాట ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా చేతులు మారుతుందన్నదే ఆవిడ పరిశోధనంతా. శిష్యులు ప్రశ్న వేస్తే ఆవిడ జవాబు చెప్పరు, పని చెబుతారు. అది తెలిసినవాళ్ళు ఆచితూచి అడుగుతారు. తేజేశ్వర్ ఇంకా అంత దూరం రాలేదు.

"మేడమ్, ఐదు వందల ఎనభై మూడు మాటలు వచ్చినా ఆ అమ్మాయికి తెలుగు ఎందుకు రాలేదు? ఇంకో నాలుగు వందలు కలిపితే సరిపోతుందా? రోజుకు ముప్ఫై చొప్పున తోస్తే పద్నాలుగు రోజుల్లో అయిపోతుంది."

సుభద్ర గారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. చేతిలో కాయ పూర్తయ్యాక అడిగారు.

"మీ వార్డులో బాగా మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"పద్నాలుగో మంచం మీద పైడమ్మ అని ఒకావిడ. హెడ్ సిస్టర్‌నే తిట్టిపోస్తుంది. జిస్మితో మాత్రం ఒక్క మాట మాట్లాడదు."

"అయితే రేపు నన్ను తీసుకెళ్ళు."

పైడమ్మ భీమిలి పక్కన ఎండుచేపలు అమ్మే మనిషి. షుగరు వల్ల కాలి వేలి మీద పుండు పడింది. మందు పెంచుతున్నకొద్దీ షుగరు మొండికేస్తోంది. ఇంకో వారం చూసి వేలు తీసేద్దామని డాక్టర్లు అనుకుంటున్నారు. గురుశిష్యులు వెళ్ళేసరికి జిస్మి ఆమె చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూస్తోంది. సుభద్ర గారు పక్క మంచం దగ్గర నిలబడి, స్టూలు తేజేశ్వర్ వైపు తోశారు.

"పాఠాలకు ఎలా రికార్డు చేశావో అలాగే చెయ్యి. ఏమీ మార్చకు."

అతని పద్ధతి ఒకటే. ఒక ప్రశ్న వెయ్యాలి, తర్వాత రికార్డులో తన గొంతు పడకుండా పెదవులు బిగించుకోవాలి, చూపు రికార్డరు తెర మీద కదిలే గీత మీద నిలపాలి. "కాలు ఎలా ఉందమ్మా?" అని అడిగి నోరు మూసేశాడు.

"కాలా? అది నాది గాదు బాబూ, డాక్టరు బాబుది. రోజూ ఒచ్చి ఆయనే సూసుకుంటాడు." పైడమ్మ నవ్వి ఆగింది. అతను రికార్డరు వైపే చూస్తున్నాడు. "సాయంత్రమయ్యేసరికి మంటెత్తుద్ది." మళ్ళీ ఆగింది. "ఏటి బాబూ, ఇంటన్నావా?"

తేజేశ్వర్ తల ఎత్తకుండా ఒకసారి ఊపాడు.

"పొద్దుటి బిళ్ళకి తగ్గుద్ది. సాయంత్రం బిళ్ళే..."

ఈసారి ఆగింది ఆగినట్టే ఉండిపోయింది. సుభద్ర గారి వైపు తిరిగింది. "ఏటమ్మా, మూగ గుంటడిని అంపినారా? గోడకి సెప్పుకున్నా ఇంతకన్నా నయం, సున్నమైనా రాల్తాది." అని అటు తిరిగి పడుకుని దుప్పటి లాక్కుంది.

తేజేశ్వర్ గడియారం చూసుకున్నాడు. ఒక్క నిమిషం పది సెకన్లు. సుభద్ర గారు అతని భుజం తట్టి లేపి స్టూలు మీద కూర్చున్నారు. ఏమీ అడగలేదు. పైడమ్మ మాట ఇంకా పూర్తి కాలేదన్నట్టు, ఆ వీపు వైపే చూస్తూ మెల్లగా, సాగదీసి అన్నారు.

"ఊఁ..."

దుప్పటిలోంచి గొంతు వచ్చింది. "సాయంత్రం బిళ్ళ నాను ఏసుకుంటే గదా తల్లీ."

"ఆఁ?"

పైడమ్మ ఇటు తిరిగింది. "మా ముసిలోడు అయిదింటికి ఒస్తాడు. ఆడికీ సుగరే. ఆడికెవుడు మంచం ఇచ్చినాడు? ఈ నర్సమ్మ సేతిలో ఎట్టినది కొంగున కట్టి ఆడికిత్తన్నాను."

"అయ్యో."

"అయ్యో అంటే అయ్యోనే. నలబై ఏళ్ళు తెల్లారగట్ల లేసి నా గంప నా నెత్తికెత్తినోడు. ఆడిని ఒగ్గేసి నానొక్కదాన్నీ మింగీమంటావా?"

"ఊఁహూఁ."

ఇక మాట ఆగలేదు. గంప దగ్గర మొదలై, మోకాళ్ళ నొప్పుల మీదుగా, పెళ్ళి దాకా వెనక్కి వెళ్ళి మళ్ళీ పుండు దగ్గరికి వచ్చింది. పుండు ఏ చెప్పు కరిస్తే మొదలైందో, డాక్టరు అడిగితే ఎందుకు చెప్పలేదో అన్నీ వచ్చాయి. తేజేశ్వర్ లెక్కపెట్టకుండా ఉండలేని మనిషి. ఇరవై రెండు నిమిషాలు. అంతసేపట్లో సుభద్ర గారు అరవై మూడు సార్లు గొంతు కలిపారు. అందులో ఒక్క ప్రశ్న లేదు. అతను దాచుకున్న ఆరు వందల్లోని మాట ఒక్కటీ లేదు.

హెడ్ సిస్టర్ వచ్చి విని నడుం మీద చేతులు పెట్టుకుంది. "ముందే ఏడవొచ్చు గదా పైడమ్మా! మీ ఆయనకు ఓపీ చీటీ నేను రాయిస్తాను. నీ బిళ్ళ మాత్రం నా కళ్ళముందు మింగాలి." వేలి సంగతి షుగరు మళ్ళీ చూశాకేనని డాక్టరుకు చెప్పడానికి వెళ్తూ, జిస్మి వైపు తిరిగి, "నీ గడువు గడువే," అంది.

వరండాలోకి వచ్చాక జిస్మి తేజేశ్వర్ ముందు నిలబడింది. ఆమె తెలుగు నెమ్మదిగా, ఒక్కొక్క మెట్టూ చూసుకుని దిగుతున్నట్టుగా వచ్చింది.

"సార్, నేను వింటాను. ఐదు రోజులు పైడమ్మ దగ్గర నిలబడి అంతా విన్నాను. మీ పాఠంలో సిస్టర్ ఎలా వింటుందో, అలాగే."

"ఎలా?"

"నోరు మూసుకుని." ఆమె సుభద్ర గారి వైపు చూసింది. "మా ఇంట్లో అమ్మ మాట్లాడితే నేను మధ్యలో ఏదో ఒకటి అంటూనే ఉంటాను. మీ పాఠంలో ఎవరూ అనరు. తెలుగులో అది తప్పు అనుకున్నాను."

పన్నెండు మందికి నెల రోజులు, రోజూ చెవిలో పోసిన నిశ్శబ్దం తేజేశ్వర్‌కు అప్పుడు వినపడింది. సుభద్ర గారు ఏదైనా అంటారేమోనని చూశాడు. ఆవిడ సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి జిస్మికి ఇచ్చారు. అతని వైపు చూడలేదు.

ఐదింటికి పైడమ్మ భర్త వచ్చాడు. జిస్మి మంచం పక్కన వంగి పుండు కడుగుతోంది. పైడమ్మ భర్తకు కొంగు విప్పి చూపించి, ఇవాళ బిళ్ళ తనే మింగాల్సి వచ్చిందని ఫిర్యాదు చేస్తోంది. గురుశిష్యులు గుమ్మంలోనే నిలబడ్డారు. తేజేశ్వర్ అప్పటికే కోలుకున్నాడు. రేపు ఉదయం ఏడింటికి నర్సుల హాస్టల్‌కు వెళ్ళాలి. కొత్త మాటలేవీ తీసుకెళ్ళకూడదు. మీ ఇళ్ళలో అమ్మ మాట్లాడుతుంటే మీరేమంటారని పన్నెండు మందినీ అడగాలి. మనిషికి పావుగంట, మొత్తం మూడు గంటలు. నోట్‌బుక్కు తీసి రాసుకుంటూ ఉండగా మంచం దగ్గర ఏదో మారింది.

"నలబై ఏళ్ళలో ఒక్కపాలి గంప జారనీలేదమ్మా ఈడు," అంటోంది పైడమ్మ, భర్త వైపు గడ్డం చూపిస్తూ. ఆ మాట ఎవరికి చెబుతోందో ఆమెకే తెలియదు.

గాజుగుడ్డ మీంచి చూపు ఎత్తకుండానే జిస్మి అంది. "ఊఁ."

తేజేశ్వర్ పెన్ను ఆపాడు. చెవి ఒగ్గాడు. తర్వాత గురువు వైపు వంగి గుసగుసగా అన్నాడు.

"మేడమ్, అది మన ఊఁ కాదు. చివర పైకి లేస్తోంది, వాళ్ళ మలయాళం పోకడ. ఇప్పుడే వెళ్ళి సరిదిద్దనా?" అంటూనే ఒక అడుగు లోపలికి వేశాడు.

మంచం దగ్గర పైడమ్మ చెప్పుకుపోతూనే ఉంది. సుభద్ర గారు అతని చొక్కా చెయ్యి పట్టుకున్నారు.

"పైడమ్మ ఆగిందా?" అన్నారు.