బారెడు పేరున్న బల్లెం

ఒకానొక రాజ్యంలో ఈటెల కన్నా వాటి పేర్లే పొడుగు. ఆ పేర్లు పెట్టింది గండభీమ మహారాజు. యుద్ధభూమి మొహం ఎరగని వీరుడు. ఆయన లెక్కలో బల్లెం బల్లెం కాదు, 'రిపుహృదయవిదారణ మహాకుంతం'. అంటే శత్రువు గుండె చీల్చేదట. గండ్రగొడ్డలి 'వైరిమస్తకఖండన ప్రచండపరశువు'. అంటే శత్రువు తల నరికేదట. పూర్తి పేరూ, అర్థమూ చెప్పినవాడికే ఆయుధశాలలో ఆయుధం ఇవ్వాలి. పొట్టి పేరుతో పిలిస్తే నాలుక కోత. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే మరి!

ఒకనాడు కోటలోకి చిరుతపులి చొరబడింది. కాపలావాడు ఓబన్న ఆయుధశాలకు పరుగెత్తి, "బల్లెం, బల్లెం!" అని అరిచి, చేతికందినది లాక్కుని పులిని పొడిచి చంపాడు. రాజుగారికి పులి సంగతి పట్టలేదు.

"నా మహాకుంతాన్ని బల్లెమంటాడా? రేపు సభలో వాడి నాలుక కోయండి!" అన్నాడు.

ఆస్థాన విదూషకుడు మల్లుభట్టుకు ఒళ్ళు మండింది. ప్రాణాలు కాపాడినవాడికి ఇదా బహుమానం? తిన్నగా వెళ్ళి రాజుగారి పందెపు పొట్టేలును చూసివచ్చాడు. ఎర్రగుడ్డ కనబడితే చాలు, అది కుమ్మక మానదు. రాజుగారేమో ఎర్రపట్టు తప్ప కట్టరు.

మర్నాడు ఓబన్నను చేతులు కట్టి సభలో నిలబెట్టారు. ఆయుధశాల అధికారి ఆ బల్లెం పట్టుకుని పక్కనే నిల్చున్నాడు. రాజు మీసం దువ్వుతుండగా, ఏలినవారి దీవెన కోసమంటూ మల్లుభట్టు పొట్టేలును తోలుకొచ్చి తాడు వదిలేశాడు.

అది తల వంచి సింహాసనం మీదికి ఉరికింది.

"బల్లెం! ఒరే, బల్లెం ఇవ్వండ్రా!" అని కేకపెట్టాడు రాజు.

అధికారి కదల్లేదు. "పూర్తి పేరూ, అర్థమూ సెలవివ్వండి ప్రభూ. తమ ఆజ్ఞే కదా!"

"రిపు... రిపుహృ..." అంటూనే మన మహావీరుడు సింహాసనం మీదికెక్కి, వెనక్కి దొర్లిపడ్డాడు. కిరీటం ఎటో పోయింది. మల్లుభట్టు గుప్పెడు అవిసాకు చూపించి పొట్టేలును పట్టుకున్నాడు.

"ప్రభూ, తమరు బల్లెమన్నారు. సభంతా విన్నది. మరి తమ నాలుక కోసే కత్తిని ఏ పేరుతో పిలవమంటారు?" అన్నాడు చేతులు కట్టుకుని.

రాజు మొదట సిగ్గు దాచుకోవడానికి నవ్వాడు. తర్వాత నిజంగానే నవ్వొచ్చింది. ఓబన్న కట్లు విప్పించి, తన చేతి కడియం తొడిగాడు.

"మరి నా పేర్లన్నీ ఏం చెయ్యనయ్యా?" అన్నాడు దిగులుగా.

"పొట్టేలుకు బిరుదులుగా ఇప్పించండి ప్రభూ. ఇందాకటి యుద్ధంలో వెనకడుగు వెయ్యనిది అదొక్కటే!"

రాజు కడుపుబ్బా నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి మల్లుభట్టు మెడలో వేశాడు.