ముందుకొచ్చిన ‘ఈజ్’

జమీందారు జగన్నాథరాజుగారు ఊరి మేకల బీడు కలిపేసుకుని, కలెక్టరు దొర చూడాలని ‘దిస్ ఈజ్ మై ల్యాండ్’ అని మాటకో పలక రాయించి పాతించారు. ఇది నా భూమి అని! ఆయనకు ఇంగ్లీషు రాదు. దొరల బడి ఊడ్చే సన్నెమ్మకు వినగా వినగా కాస్త వచ్చింది. ఆమె మొదటి రెండు పలకలూ పీకి అటుదిటు, ఇటుదటు మార్చి పాతింది.

కలెక్టరు చదివి నవ్వాడు. “ఇది నా భూమేనా అని నన్నడుగుతారేం రాజుగారూ? మీకే తెలీదా?”



“కాదు బాబూ, తాతలనాటి నుంచీ ఊరి మేకలదే,” అంది జనంలోంచి సన్నెమ్మ.

కలెక్టరు మాటతో బీడు తిరిగి ఊరివాళ్లకే దక్కింది.

రాజుగారు ఆమెను పిలిపించారు. “ఏం రాశావే?”

“ఏమీ రాయలేదు బాబయ్యా. ‘ఈజ్’ ముందుకొస్తే మాట ప్రశ్నయిపోద్ది.”

ఆయన పకపకా నవ్వారు. “రేపట్నుంచి నాకు పాఠం చెబుదువు గాని, రా!”