సాయంత్రానికి ఖాళీ అయ్యే బల్ల

మాజీ సైనికుల సేవా సంస్థకు డైరెక్టరైన రిటైర్డ్ మేజర్ పరాంకుశానికి బల్ల మీద కాగితం కనిపిస్తే చాలు, కాలు ఒకచోట నిలిచేది కాదు. కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరిగేవాడు. యుద్ధంలో ఆ తొందర మంచిదే. ఆఫీసులో మాత్రం అది కిందివాళ్లకు వాతలు పెడుతుంది.

"అయిదింటికి బల్ల ఖాళీ కావాలి, ఆచార్యులుగారూ" అనేవాడు సూపరింటెండెంటుతో.

"చిత్తం సార్" అనేవాడు ఆచార్యులు. కాస్త చిక్కున్న దరఖాస్తు వస్తే, ఏదో ఒక లోపం రాసి తిప్పి పంపేసేవాడు. తిప్పి పంపినా పరిష్కరించినట్టే రాసుకోవడం అక్కడి ఆనవాయితీ. బల్ల అద్దంలా మెరిసేది.

ఒక ఉదయం సంస్థ పనితీరు చూడటానికి పర్యవేక్షక మండలి వచ్చింది. "పెండింగు సున్నా" అన్నాడు పరాంకుశం, కూర్చోకుండానే. సభ్యులు జీడిపప్పు నములుతూ మెచ్చుకున్నారు. ఒక్క కాసులమ్మ మాత్రం లోపలికి రాలేదు. మండలిలో సభ్యురాలైన ఆవిడ ఒక అమరజవాను భార్య. వరండాలో బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్లతో మాట్లాడుతోంది. పదకొండున్నరకు ఒకామెను వెంటబెట్టుకుని వచ్చింది.

"ఈవిడ మూడోసారి తిరుగుతోందట మేజర్ గారూ. ఈవిడ కాగితం మీ సున్నాలో ఉందా?"

ఆమె పేరు పైడితల్లి. "పిల్లకి నర్సింగు సీటుకి సైనికుల కోటా కాగితం కావాలండి. ఈయేళ పన్నెండుకే ఆఖరు. ఆయనా నేనూ కలిసి దిగిన ఫొటో తెమ్మని తిప్పేసినారు. ఆయన పోయి ఆరేళ్లయింది బాబూ. ఉన్నన్నాళ్లూ బోర్డర్లో మీ జీపే తోలీవోరు. ఫొటో దిగడానికి తీరికేదండి?"

పరాంకుశం ముఖం పాలిపోయింది. హవల్దార్ సన్యాసప్పడి భార్య! దరఖాస్తుతో పెట్టిన సైన్యం సర్వీసు పుస్తకంలో భార్యగా ఆమె పేరు స్పష్టంగా ఉంది. ఫొటో అక్కర్లేనే లేదు.

"ఎందుకు తిప్పి పంపారు?" అని గద్దించాడు.

"మీరు ఖాళీ బల్ల అడిగారు సార్" అన్నాడు ఆచార్యులు తల వంచుకుని. "ఇచ్చాను."

పరాంకుశం కలం తీశాడు. నిమిషంలో సంతకం చేసి, పైడితల్లిని జీపు ఎక్కించి తనే తోలాడు. దారిలో రైల్వే గేటు పడింది. స్టీరింగు మీద వేళ్లతో కొడుతూ కూర్చున్నాడు. కాలేజీ చేరేసరికి పన్నెండూ పది. మెట్ల మీద పిల్ల ఒక్కతే నిలబడి ఉంది.

లోపల గుమాస్తా బీరువాకు తాళం వేస్తున్నాడు. "మా బల్ల ఖాళీ అయిపోయింది సార్. ఈ ఏటికి పని పూర్తయినట్టే" అన్నాడు.

తన మాటే తనకు తగిలింది. పరాంకుశం కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాటి నుంచి, తిప్పి పంపాల్సిన ప్రతి కాగితం తన బల్ల మీదికే రావాలన్నాడు. కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడాడు. బల్ల మళ్లీ ఎన్నడూ ఖాళీ కాలేదు. పైడితల్లి కూతురికి మరుసటి ఏడు సీటొచ్చింది. పోయిన ఏడు మాత్రం పోయినట్టే.

నీతి: పెద్దవాడు ఏది అడిగితే కిందివాళ్లు అదే చూపిస్తారు, అందుకే కాగితం కదిలిందా అని కాక, మనిషి కష్టం తీరిందా అని అడగాలి.